గ్రేడింగ్

కిటికీ అవతల అరూస్టుక్ పొలాలు,
తవ్వేసిన చాళ్ల మీద మోకాలి లోతు మంచు.
ఇవతల నా బల్ల మీద
డెల్ఫీన్ సిర్ నాలుగేళ్ల మార్కుల కాగితం.
జనవరి ఒకటి గడువు. ఇంకా పదకొండు రోజులు.

ఈ కాగితాన్ని ఎలా చూస్తారో నాకు తెలుసు.
ఏ, ఏ, ఒక బి, మళ్లీ ఏ...
నున్నటి నేల మీద జారుతూ వచ్చిన చూపు
పదో తరగతి చలికాలం దగ్గర
కాలికి రాయి తగిలినట్టు ఆగుతుంది.
కెమిస్ట్రీలో సి.
జామెట్రీలో డి.

బోస్టన్ దగ్గర తను కోరుకున్న ఆ కాలేజీ
వందమంది తలుపు తడితే
తొమ్మిదిమందికి తీస్తుంది.
అలాంటి తలుపు వెనక నేనూ ఒక ఏడాది కూర్చున్నాను.
ఒక్కో ఫైలుకి పది నిమిషాలిచ్చేవారు.
నాకు ఎనిమిది సరిపోయేవి.

"ఆ చలికాలం ఏమైంది?"
"పనిలో ఉన్నాను."
"ఏం పని?"
నవ్వొచ్చింది పిల్లకి. "గ్రేడింగ్."

లారీ మీంచి పడి నాన్న నడుము పోయింది.
మిషో వాళ్ల దుంపల గోదాములో ఆయన జాగాలో తను.
నాలుగు నుంచి పది దాకా,
వారానికి నాలుగు రాత్రులు,
చట్టం ఒప్పుకున్నంత మేరకు.

"సెకనుకి మూడు వస్తాయి మిస్.
గజ్జి పట్టింది ఇటు, పచ్చబడింది అటు,
యంత్రం కోసేసింది కింది డబ్బాలోకి.
చూడాలి, తొయ్యాలి, అంతే.
ఆలోచిస్తూ కూచుంటే బెల్టు ఆగదు."

"మచ్చ లేనివన్నీ మంచివేనా?"

"ఎక్కడివి!
అన్నిట్లోకీ పెద్దది, నిగనిగలాడేది కోసి చూస్తే
ఒక్కోసారి నడిమధ్య నక్షత్రంలా ఖాళీ.
డొల్లగుండె అంటాం.
ఎండి ఎండి ఉన్నప్పుడు ఒక్కసారిగా వాన పడితే
ఆబగా పెరిగి లోపల చీలిపోతుంది.
పైకి ఏమీ తెలీదు."

నా కలం దానంతటదే లేచింది.
ఇదే రాయి, అన్నాను. ఇప్పుడు చెప్పావే, అచ్చం ఇలాగే.
చదివే మనిషి కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు.

చాలాసేపు కిటికీలోకి చూసింది.
"నేను దుంపని కాను, మిసెస్ పెల్కీ."

అదనపు సమాచారం అని ఒక గడి ఉంటుంది.
ఆరువందల యాభై మాటలు పడతాయి అందులో.
నా దగ్గరకు వచ్చేవాళ్లలో కొందరు
తాతల జబ్బులూ కుక్కల చావులూ కుక్కి కుక్కి నింపుతారు.
తను ఏడు మాటలు రాసింది:
"ఆ చలికాలం సాయంత్రాలు మా నాన్న షిఫ్టు చేశాను."

"మరి నడుము సంగతి?"
"అది ఆయన సంగతి."

సిఫారసు ఉత్తరం నాది. సంతకం నాది.
రాయొచ్చు, ఎవరూ అడ్డు రారు.
మూడుసార్లు ఆ లారీని కాగితం మీదికి తెచ్చాను.
మూడుసార్లూ వెనక్కి తోలాను.
అందులో న్యాయం ఎంతో,
పిరికితనం ఎంతో,
ఇప్పటికీ తూచలేదు.

మార్చి ఆఖరున జవాబొచ్చింది. వెయిటింగ్ లిస్టు.
అవునని కాదు, కాదని కాదు.
వసారాలో బూట్లు విప్పమని చెప్పి
లోపలికి పిలవడం మరిచిపోయినట్టు.

నా గదిలో నిలబడే చదివింది,
మడతల వెంటే మళ్లీ మడిచింది.
ఒరోనోలో మా రాష్ట్రం యూనివర్సిటీకి
డబ్బు కట్టేశానంది, గోదాము జీతంలోంచే.
మొదటి టర్ములో ఏం తీసుకుంటావన్నాను.
"కెమిస్ట్రీ."
ఇక్కడ మాత్రం కొంచెం పళ్లు కొరికినట్టనిపించింది.

తలుపు దాకా వెళ్లి తిరిగింది.
"వాళ్ల బెల్టు ఎంత వేగం మిస్?"

దాచి ఏం లాభం?
నా ఎనిమిది నిమిషాల సంగతి చెప్పాను.

వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి
మధ్యలో వదిలేసింది.
"ఒక్కదానికే?" అంది.
"అబ్బో, మాకంటే చాలా నిదానం."

వెక్కిరింతేమోనని మొహంలోకి చూశాను.
కాదు.
పనితనం తెలిసిన మనిషి
ఇంకో గోదాము గురించి
నిజంగానే అడిగి తెలుసుకుంటోంది.